దోహాలో తమ్ముడు, హనుమకొండలో నేను: ఫోనులో చదరంగం నెట్‌వర్క్‌ను సొంతవాళ్లతో నడుపుకునే పద్ధతి

మా తమ్ముడు దోహాలో పనిచేస్తాడు. మరదలు, వాళ్ల అమ్మాయి కోరుట్లలో ఉంటారు. నేను హనుమకొండలో ఉంటాను. చిన్నప్పుడు ఇంటి అరుగు మీద అట్టముక్కకు గళ్లు గీసుకుని మేమిద్దరం ఆడుకున్న చదరంగం ఇప్పుడు మూడు ఊళ్ల మధ్య మూడు ఫోన్లలో సాగుతోంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఊళ్లలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ అరుదు. ఆ ఇళ్లలో రాత్రి ఫోను ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. తిన్నావా, ఒంట్లో బాగుందా, డబ్బులు అందాయా అని అడగడం అయిపోయాక అటూ ఇటూ మౌనం. ఆట ఒకటి నడుస్తూ ఉంటే ఆ మౌనం రాదు. “ఆ గుర్రాన్ని అక్కడెందుకు పెట్టావు నాన్నా” అని మొదలైన మాట బడి దాకా, స్నేహితురాళ్ల దాకా, పెరట్లో కాసిన జామచెట్టు దాకా వెళుతుంది.

అందుకే, ఇలాంటి ఆటల నెట్‌వర్క్‌ను ఫోనులో మొదటిసారి పెట్టుకునేవాళ్ల కోసం, మొదటి గంటలో ఏం చేయాలో, తర్వాత ఏం చేయాలో వరుసగా చెబుతాను. చాలామంది యాప్ దించుకోగానే ‘ప్లే’ నొక్కి ముక్కూమొహం తెలియనివారితో ఆడటం మొదలుపెడతారు. నేనూ అలాగే చేశాను. సరైన వరుస దానికి తలకిందులు. ముందు తలుపులు సరిచూసుకోవాలి, తర్వాత మనవాళ్లను పిలుచుకోవాలి, బయటివాళ్లతో ఆట ఆ తర్వాత.

ఏ నెట్‌వర్క్?

ఫోనులో చదరంగం ఆడించే పెద్ద నెట్‌వర్క్‌లు రెండు ఉన్నాయి. చెస్ డాట్ కామ్‌లో జనం చాలా ఎక్కువ, పాఠాలూ ఎక్కువ. ఉచిత ఖాతాలో ప్రకటనలు వస్తాయి, కొన్ని సౌకర్యాలకు చందా కట్టాలి. రెండోది లీచెస్. తిబో ద్యుప్లెసీ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ 2010లో మొదలుపెట్టిన ఈ నెట్‌వర్క్ విరాళాల మీద, స్వచ్ఛంద సేవకుల శ్రమ మీద నడుస్తుంది. ప్రకటనలు ఉండవు. డబ్బు కట్టినవారికి ఒక సౌకర్యం, కట్టనివారికి ఒకటి అన్న తేడా లేదు. విరాళం ఇచ్చినవారి పేరు పక్కన చిన్న రెక్కల గుర్తు కనిపిస్తుంది, అంతే.

నేను మా ఇంటికి లీచెస్‌నే ఎంచుకున్నాను. పన్నెండేళ్ల పిల్ల చేతిలో పెట్టే ఫోనులో ప్రకటన రాకపోవడమే నాకు అన్నిటికంటే పెద్ద లెక్క. అంతకుముందు ఆ పిల్ల ఆడిన మరో ఆట యాప్‌లో మూడు నిమిషాల ఆటకు రెండు ప్రకటనలు వచ్చేవి. వాటిలో ఒకటి పందెం ఆటలకు రమ్మని పిలిచేది. అక్కడే ఎవరో పరాయి మనిషి “ఏ ఊరు, ఏ స్కూలు” అని సందేశాలు పెట్టడం ఒక సాయంత్రం మా మరదలి కంట పడింది. ఈ వ్యాసంలో తలుపుల సంగతి ఎక్కువగా చెప్పడానికి కారణం ఆ సాయంత్రమే.

కింద చెప్పే అడుగులన్నీ లీచెస్ ప్రకారం ఉంటాయి. వేరే నెట్‌వర్క్ వాడేవారికి బొత్తాల పేర్లు మారతాయి గాని, పని వరుస అదే.

దించుకోవడం, ఖాతా తెరవడం

పేరు ఇంగ్లీషులో వెతికేటప్పుడు ఎల్, ఐ అక్షరాలు రాసి వాటి పక్కనే చెస్ అని కలిపి రాయాలి. ప్లే స్టోరులో ఇలాంటి పేర్లతో, గుర్రం బొమ్మతో చాలా యాప్‌లు కనిపిస్తాయి. పొరపాటు పడకూడదంటే ముందు బ్రౌజరులో లీచెస్ డాట్ ఆర్గ్ తెరిచి, అక్కడున్న మొబైల్ యాప్ లంకె నుంచి స్టోరుకు వెళ్లండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలు నుంచి మాత్రం దించుకోకండి.

ఖాతా లేకుండా కూడా ఆడనిస్తుంది. ఒకటి రెండు ఆటలు అలా ఆడి చూసి, చేతికి అలవాటయ్యాక ఖాతా తెరిచినా ఫరవాలేదు. ‘సైన్ ఇన్’ నొక్కగానే యాప్ నుంచి బయటకు వచ్చి బ్రౌజరు పేజీ తెరుచుకుంటుంది. చాలామంది అక్కడ కంగారు పడతారు. అది మామూలే. పైన చిరునామా లీచెస్ డాట్ ఆర్గ్ అని ఉందో లేదో చూసుకుని ముందుకు సాగండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఈమెయిల్ అడుగుతుంది. ఈమెయిల్‌కు వచ్చిన లంకె నొక్కితే ఖాతా తెరుచుకుంటుంది.

యూజర్‌నేమ్ విషయంలో తొందర వద్దు. ఒకసారి పెట్టుకున్న పేరు తర్వాత మార్చుకునే వీలు లేదు. పిల్లల పేరుతో అయితే అసలు పేరు, పుట్టిన సంవత్సరం, ఊరు, బడి పేరు ఇవేవీ అందులో రాకూడదు. మా తమ్ముడి అమ్మాయి తనకు ఇష్టమైన పిట్ట పేరు ఒకటి, దాని పక్కన ఒక అంకె పెట్టుకుంది. పాస్‌వర్డ్ ఇంటిలో ఇంకెక్కడా వాడనిదిగా ఉండాలి. పెద్దవాళ్లు రెండంచెల భద్రతను కూడా ఆన్ చేసుకోవచ్చు. పాస్‌వర్డుతో పాటు ఫోనులోని కోడ్ యాప్ చూపించే ఆరంకెల సంఖ్య కూడా ఇస్తేనే ఖాతా తెరుచుకుంటుంది.

ఒక ఫోనులో ఇద్దరు ముగ్గురు ఆడే ఇళ్లలో ఒకే ఖాతాను అందరూ వాడటం చూశాను. దయచేసి అలా చేయకండి. తండ్రి ఆడిన ఆటల లెక్క, పిల్ల ఆడిన ఆటల లెక్క కలిసిపోతే ఇద్దరికీ సరిజోడీ దొరకదు, ఎవరు ఎంత మెరుగయ్యారో తెలియదు.

మొదటి ఆటకు ముందే తలుపులు

ఈ పని ఫోను బ్రౌజరులో లీచెస్ తెరిచి చేసుకుంటే అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. మీ పేరు మీద నొక్కి ‘ప్రిఫరెన్సెస్’లోకి వెళ్లండి. అక్కడ ‘ప్రైవసీ’ భాగంలో మూడు ప్రశ్నలు ముఖ్యం. మిమ్మల్ని ఎవరు ఆటకు సవాలు చేయవచ్చు? ఎవరు సందేశం పంపవచ్చు? మిమ్మల్ని అనుసరించడానికి ఇతరులకు అనుమతి ఉందా? పిల్లల ఖాతాలో మొదటి రెండింటికీ ‘ఓన్లీ ఫ్రెండ్స్’ ఎంచుకోండి. ఇక్కడ ఫ్రెండ్స్ అంటే ఎవరో మనల్ని అనుసరిస్తున్నవాళ్లు కాదు, మనం ఎంచుకుని అనుసరిస్తున్నవాళ్లు. ఈ తేడా తెలిస్తే సగం భయం పోతుంది. ప్రపంచంలో వెయ్యి మంది అనుసరించినా, మనం తిరిగి ‘ఫాలో’ నొక్కనిదే వాళ్ల సవాలు మన ఫోనుకు రాదు.

పిల్లలకు ఇంకో తాళం ఉంది. అదే ప్రిఫరెన్సెస్‌లో ‘కిడ్ మోడ్’ అని కనిపిస్తుంది. అది ఆన్ చేస్తే మాటామంతీ అంతా ఆగిపోతుంది. ఆటలో చాట్ కనిపించదు, ఎవరూ సందేశం పంపలేరు, చర్చావేదికలు తెరుచుకోవు. తీసివేయాలంటే పాస్‌వర్డ్ కావాలి, కాబట్టి పాస్‌వర్డ్ పెద్దవాళ్ల దగ్గర ఉంటే పిల్లలు తమంతట తీయలేరు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. కిడ్ మోడ్ మాటలను ఆపుతుంది గాని ఆటను ఆపదు. పిల్ల ‘ప్లే’ నొక్కితే తెలియనివారితో జోడీ కుదురుతుంది. అక్కడ మాటకు చోటు లేదు కాబట్టి నేను దానికి భయపడను. ఎత్తులు మాత్రమే వేసుకునే చోట పరాయి మనిషి పరాయి మనిషిగానే మిగిలిపోతాడు.

పెద్దవాళ్లకు చాట్ ఉంటుంది. ఎవరైనా దుర్భాషలాడితే సమాధానం ఇవ్వవద్దు. వాళ్ల పేరు మీద నొక్కితే ‘బ్లాక్’, ‘రిపోర్ట్’ రెండూ కనిపిస్తాయి. ముందు రిపోర్ట్, తర్వాత బ్లాక్. చాట్ అసలే వద్దనుకుంటే ‘జెన్ మోడ్’ పెట్టుకోండి. బోర్డు, గడియారం తప్ప మిగతావి తెరమీద నుంచి తప్పుకుంటాయి.

ఫోనుకు తగ్గట్టు సర్దుకోవడం

చిన్న తెర మీద అరవై నాలుగు గళ్లు. వేలు జారితే మంత్రి పోతుంది. అందుకే సెట్టింగుల్లో ‘మూవ్ కన్ఫర్మేషన్’ ఆన్ చేసుకోండి. ఎత్తు వేశాక మరోసారి ఖాయం చేస్తేనే అది అవతలికి వెళుతుంది. మెరుపు వేగం ఆటలు ఆడేవారికి ఇది అడ్డు, మిగతా అందరికీ రక్ష. గళ్ల పక్కన అక్షరాలు, అంకెలు కనిపించేలా కూడా పెట్టుకోండి. ఫోనులో మాట్లాడుకుంటూ “ఈ4 గడిలో బంటు” అని చెప్పుకోవడానికి పనికివస్తాయి.

రోజుల తరబడి సాగే ఆటలకు మీ వంతు రాగానే నోటిఫికేషన్ రావాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచే యాప్‌లను ఆపేస్తాయి. అప్పుడు కబురు అందదు, గడువు దాటిపోయి ఆట పోతుంది. మా తమ్ముడికి మొదట్లో రెండు ఆటలు అలాగే పోయాయి. ఫోను సెట్టింగుల్లో ఈ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయండి.

డేటా గురించి బెంగ అక్కర్లేదు. ఒక ఎత్తు అంటే ఏ గడి నుంచి ఏ గడికి అన్న చిన్న సమాచారమే. వీడియో కాల్‌కు సరిపోని సిగ్నల్‌లో కూడా ఆట నడుస్తుంది.

ఎంత వేగం?

తెర మీద 3+2, 10+5, 15+10 అని అంకెలు కనిపిస్తాయి. మొదటి అంకె ఒక్కొక్కరికి ఇచ్చే నిమిషాలు, రెండోది ఎత్తు వేసిన ప్రతిసారీ కలిసే సెకన్లు. 10+5 అంటే పది నిమిషాలతో మొదలవుతుంది, ఎత్తు ఎత్తుకూ ఐదు సెకన్లు చేరుతుంది. ఒక ఆటలో సుమారు 40 ఎత్తులు ఉంటాయని లెక్కవేసుకుని లీచెస్ ఆటలకు బుల్లెట్, బ్లిట్జ్, ర్యాపిడ్, క్లాసికల్ అని పేర్లు పెడుతుంది. 10+5, 15+10 ర్యాపిడ్ కిందికి వస్తాయి.

కొత్తవాళ్లు, పిల్లలు 15+10తో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఒక నిమిషం, మూడు నిమిషాల ఆటలు చూడటానికి హుషారుగా ఉంటాయి గాని వాటిలో ఆలోచన నేర్చుకోరు, చేతి వేగం నేర్చుకుంటారు. ఇంకా పెద్ద ప్రమాదం, అవి ఒకదాని వెంట ఒకటి లాక్కుపోతాయి. నేనే ఒక రాత్రి పదకొండింటికి ఒక్క ఆట అనుకుని కూర్చుని, ఓడిన పాయింట్లు తిరిగి తెచ్చుకోవాలన్న పట్టుదలతో తెల్లవారుజామున రెండింటి దాకా ఆడాను. పాయింట్లు రాలేదు, ఉన్నవి కూడా పోయాయి, మర్నాడు పనిలో తల పనిచేయలేదు. అప్పటినుంచి మా ముగ్గురికీ ఒకే నియమం. వరుసగా రెండు ఓడితే ఆ రోజుకు తెలియనివారితో ఆట బంద్.

దూరదేశంలో ఉన్నవారితో ఆడటానికి అసలు నిధి వేరే ఉంది. దాన్ని ‘కరస్పాండెన్స్’ అంటారు. ఇక్కడ గడియారం నిమిషాల్లో కాదు, రోజుల్లో నడుస్తుంది. ఒక్కో ఎత్తుకు ఒక రోజు నుంచి 14 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. పూర్వం ఉత్తరాల్లో ఎత్తులు రాసుకుని ఆడినట్టే. దోహా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. తమ్ముడు డ్యూటీ దిగి గదికి చేరే సరికి అక్కడ ఏడు, ఇక్కడ తొమ్మిదిన్నర. అమ్మాయికి నిద్ర వేళ. ఇద్దరూ ఒకే సమయానికి కూర్చోవడం కుదరదు. కరస్పాండెన్స్‌లో ఆ ఇబ్బంది లేదు. పిల్ల బడికి వెళ్లే ముందు ఒక ఎత్తు వేస్తుంది, తండ్రి భోజన విరామంలో చూసి ఒక ఎత్తు వేస్తాడు. ఒక ఆట నెల పైనే సాగుతుంది. వాళ్లిద్దరి మధ్య ఇలాంటివి మూడు ఆటలు ఎప్పుడూ నడుస్తూ ఉంటాయి.

గడువు ఎంచుకోవడంలో చిన్న సలహా. ఒక రోజు పెడితే షిఫ్టు మారినప్పుడు, రీఛార్జి అయిపోయినప్పుడు ఆట పోతుంది. మూడు రోజులు పెట్టుకోండి. రోజూ ఆడేవాళ్లు రోజూ ఆడతారు, ఇబ్బంది వచ్చిన రోజు మాత్రం ఆ మిగులు ఆదుకుంటుంది. శుక్రవారం తమ్ముడికి సెలవు. ఆ సాయంత్రం అమ్మాయి బడి నుంచి వచ్చాక 10+5లో ముఖాముఖి ఆట ఒకటి, వీడియో కాల్ పక్కన పెట్టుకుని.

మనవాళ్లను పిలవడం

యాప్‌లో వెతికే చోట తమ్ముడి యూజర్‌నేమ్ రాసి, అతని పేజీ తెరిచి, ‘ఫాలో’ నొక్కండి. అతను కూడా మీ పేరు మీద అదే పని చేయాలి. ఒకవైపు నుంచి చేస్తే చాలదు, ముఖ్యంగా సవాళ్లను ఫ్రెండ్స్‌కే పరిమితం చేసుకున్నాక. ఆ తర్వాత అదే పేజీలో ‘ఛాలెంజ్’ నొక్కితే వేగం, రంగు, ఆట రకం అడుగుతుంది. అక్కడ ‘క్యాజువల్’, ‘రేటెడ్’ అని రెండు ఉంటాయి. రేటెడ్ ఆట ఫలితం మీ రేటింగ్‌ను, అంటే మీ ఆట స్థాయిని చూపే అంకెను, మారుస్తుంది. క్యాజువల్ మార్చదు. ఇంట్లోవాళ్ల ఆటలు క్యాజువల్‌లోనే పెట్టండి. కూతురి చేతిలో ఓడినందుకు తండ్రి పాయింట్లు లెక్కపెట్టుకోనక్కర్లేదు, పొరపాటున వేసిన ఎత్తు వెనక్కి ఇవ్వమని పిల్ల అడిగితే ‘టేక్‌బ్యాక్’ నొక్కి ఇచ్చేయవచ్చు.

అవతలివాళ్లకు ఖాతా లేకపోతే సవాలు లంకెను వాట్సాప్‌లో పంపండి. దాన్ని నొక్కి ఖాతా లేకుండానే ఆడవచ్చు. మా పెద్దమ్మ కొడుకు మంచిర్యాలలో ఆరు నెలలు ఇలాగే ఆడాడు.

రేటింగ్ అనే అంకె

కొత్త ఖాతాకు 1500 అనే అంకె కనిపిస్తుంది, పక్కన ప్రశ్నార్థకం. అది మీ సత్తా కాదు, అందరికీ మొదటి రోజు ఇచ్చే అంకె. మీరు ఎంత ఆడగలరో నెట్‌వర్క్‌కు ఇంకా తెలియదు కాబట్టి ప్రశ్నార్థకం పెడుతుంది. గ్లికో-2 అనే లెక్క ప్రకారం మొదటి ఆటల్లో ఆ అంకె పెద్ద పెద్ద అంగలతో కిందికీ పైకీ పోతుంది, ఆటలు పెరిగేకొద్దీ కదలిక తగ్గి ప్రశ్నార్థకం పోతుంది. మొదటి వారంలో 1500 నుంచి 1000కి పడిపోయి మా అమ్మాయి ఏడ్చింది. పడిపోవడం కాదు, నీ చోటు వెతుకుతోంది అని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. బ్లిట్జ్‌కు ఒకటి, ర్యాపిడ్‌కు ఒకటి, పజిల్స్‌కు ఒకటి వేర్వేరు రేటింగ్‌లు ఉంటాయని కూడా ముందే చెప్పండి.

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఇచ్చే రేటింగ్ దీనికి వేరు. మన హనుమకొండకు చెందిన ఎరిగైసి అర్జున్ 2018లో, పదిహేనేళ్లు నిండకముందే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు అతనే. ఆ అంకె ఎదురుగా కూర్చుని, గంటల తరబడి ఆడి సంపాదించింది. యాప్‌లో కనిపించే అంకెను దానితో పోల్చి పిల్లలను పొగడటమూ తప్పే, చిన్నబుచ్చడమూ తప్పే.

అతని ఆటలను ఇదే యాప్‌లో చూడవచ్చు. ‘వాచ్’ విభాగంలో ‘బ్రాడ్‌కాస్ట్స్’ తెరిస్తే ప్రపంచంలో జరుగుతున్న పెద్ద టోర్నమెంట్ల బోర్డులు ఎత్తు ఎత్తుకూ కదులుతూ కనిపిస్తాయి. 2024లో బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో భారత జట్టు స్వర్ణం గెలిచినప్పుడు మూడో బోర్డు మీద అర్జున్ 11 ఆటల్లో 10 పాయింట్లు తెచ్చాడు. ఆ రోజుల్లో తమ్ముడు అక్కడ, నేను ఇక్కడ, అమ్మాయి కోరుట్లలో ఒకే బోర్డు తెరిచి పెట్టుకుని, తర్వాతి ఎత్తు ఏమై ఉంటుందో ఎవరికి వారు ముందే చెప్పుకునేవాళ్లం.

సిగ్నల్ లేని దారిలో

కాజీపేట నుంచి బల్లార్షా వైపు రైల్లో వెళ్లేటప్పుడు, కాగజ్‌నగర్ దాటాక అడవి దారిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అలాంటి చోట తెలియనివారితో గడియారం పెట్టుకుని ఆడటం ఇద్దరికీ అన్యాయం. మీ వైపు నెట్ తెగి కొంతసేపు తిరిగి రాకపోతే అవతలివారు గెలుపు అడిగి తీసుకోవచ్చు. తరచూ మధ్యలో వదిలి వెళ్లేవారికి నెట్‌వర్క్ కొంతకాలం ఆట నిలిపివేస్తుంది. ప్రయాణంలో పజిల్స్ మంచివి. అవి నిజంగా జరిగిన ఆటల్లోంచి తీసిన ఘట్టాలు. యాప్ కొన్నింటిని ముందే దించి పెట్టుకుంటుంది కాబట్టి నెట్ లేకున్నా చేసుకోవచ్చు. ఫోనులోని కంప్యూటర్‌తో ఆడటానికీ నెట్ అక్కర్లేదు.

ఆట అయిపోయాక

ఆట ముగిసిన వెంటనే ‘రీమ్యాచ్’ వైపు వేలు పోతుంది. దాన్ని ఆపి ‘అనాలిసిస్ బోర్డ్’ తెరవండి. ‘కంప్యూటర్ అనాలిసిస్’ అడిగితే స్టాక్‌ఫిష్ అనే ఇంజిను (చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) ప్రతి ఎత్తునూ పరిశీలించి చిన్న తప్పు, తప్పు, ఘోరమైన తప్పు అని మూడు రకాలుగా గుర్తు పెడుతుంది. అన్నీ చూడనక్కర్లేదు. ఘోరమైన తప్పుల్లో మొదటిది మాత్రం తీసుకుని, అక్కడ ఏం వేయాల్సిందో ఇంజిను చెప్పకముందే మీరే వెతకండి. వారానికి మూడు ఆటలు ఇలా చూసిన మనిషి, ముప్పై ఆటలు గుడ్డిగా ఆడిన మనిషిని దాటిపోతాడు. మా ఇంట్లోనే చూశాను.

ఆ ఇంజినును ఆట నడుస్తుండగా తెరిస్తే మోసం. తెలియనివారితో రేటెడ్ ఆటలో పక్కన కూర్చున్న పెద్దవాళ్లు పిల్లకు ఎత్తు చెప్పడం కూడా మోసమే. నెట్‌వర్క్ దాన్ని పసిగడితే ఖాతా మీద అందరికీ కనిపించే గుర్తు పడుతుంది, అతని చేతిలో ఓడినవారికి పోయిన పాయింట్లు తిరిగి ఇస్తారు. కరస్పాండెన్స్‌లో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ఆరంభపు ఎత్తుల పుస్తకాలు చూసుకోవచ్చు. ఇంజిను అప్పుడు కూడా కూడదు. తండ్రి వేసిన ఎత్తుకు పుస్తకంలో జవాబు వెతుక్కునే పిల్ల, పుస్తకం తెరవడం నేర్చుకుంటుంది. నాకు ఈ నియమం చాలా ఇష్టం.

ఇంటి జట్టు, ఆదివారం పోటీ

బంధువుల్లో ఆరేడుగురు చేరాక జట్టు కట్టండి. ఇది బ్రౌజరులో చేసుకోవడం సులువు. ‘టీమ్స్’లోకి వెళ్లి కొత్త జట్టు తెరిచి, చేరడానికి ఒక రహస్య పదం పెట్టండి. ఆ పదం ఇంటి వాట్సాప్ గ్రూపులో తప్ప ఇంకెక్కడా పెట్టకండి. జట్టు నాయకుడు మీరే కాబట్టి పోటీని మీ జట్టువారికే పరిమితం చేయవచ్చు.

పోటీలు రెండు రకాలు. ‘అరీనా’లో నిర్ణీత సమయం ఉంటుంది, ఒక ఆట అయిపోగానే ఖాళీగా ఉన్నవారితో ఇంకో జోడీ కుదురుతుంది. గెలుపుకు 2 పాయింట్లు, సమానానికి 1. వరుసగా రెండు గెలిస్తే ఆ తర్వాతి ఆటల నుంచి, ఆ వరుస తెగేదాకా పాయింట్లు రెట్టింపు అవుతాయి. పిల్లలకు ఇది పండగే. అయితే నలుగురైదుగురే ఉంటే అదే ఇద్దరు మళ్లీ మళ్లీ ఎదురుపడతారు, నెమ్మదిగా ఆడేవాళ్లు వెనకబడతారు. ‘స్విస్’లో రౌండ్లు ముందే ఖాయం. ఒక్కో రౌండులో అందరూ ఒకే సమయానికి ఆడతారు, గెలుపుకు 1, సమానానికి అర పాయింటు, ఒకరితో ఒకసారే ఆట. ఎనిమిది మంది ఉంటే 10+0 వేగంతో నాలుగు రౌండ్ల స్విస్ పెట్టండి. గంటన్నరలో ముగుస్తుంది. పెద్దవాళ్లకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది.

మేము మొదటిసారి దసరా సెలవుల్లో పెట్టాం. సమయం ‘రాత్రి ఎనిమిది’ అని రాసి ఎక్కడి ఎనిమిదో రాయలేదు. తమ్ముడు అక్కడి ఎనిమిదికి వచ్చేసరికి ఇక్కడ పదిన్నర, పోటీ అయిపోయింది. రెండు ఊళ్ల సమయాలూ రాయండి.

బళ్లలో చదరంగం నేర్పే ఉపాధ్యాయులకు దీనికంటే మంచి దారి ఉంది. బ్రౌజరులో ‘క్లాస్’ అనే సౌకర్యం తెరిస్తే ఈమెయిల్ లేకుండానే విద్యార్థులకు ఖాతాలు తయారు చేయవచ్చు, వాటికి కిడ్ మోడ్ పెట్టే ఉంటుంది. జిల్లా పరిషత్ బడిలో పిల్లలకు ఈమెయిల్ ఎక్కడిది? ఈ సౌకర్యం అలాంటి చోటి కోసమే.

డబ్బు మాట వస్తే

చదరంగం ఆడదాం, ఆటకు వంద పెడదాం అని పిలిచేవాళ్లు ఎక్కడైనా తగులుతారు. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యపు ఆటా, అదృష్టపు ఆటా అన్న తేడా లేకుండా దేశమంతటా వాటిని ఆపింది. బహుమతి గెలిచారు, తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టండి అని ఎవరైనా అంటే అది దొంగతనమే. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున పోగొట్టుకుంటే సిగ్గుపడి కూర్చోకుండా, ఆ క్షణమే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

తమ్ముడు ఇంటికి వచ్చినప్పుడు

యాప్‌లో ‘క్లాక్’ అని ఒక పరికరం ఉంది, నెట్ అక్కర్లేదు. తెరను రెండు భాగాలు చేసి ఇద్దరికీ చెరో గడియారం చూపిస్తుంది. నిజమైన బోర్డు మధ్యలో పెట్టుకుని, ఫోనును పక్కన పడుకోబెట్టి, ఎత్తు వేశాక మన వైపు భాగాన్ని తాకాలి. తెర ప్రకాశం పెంచి, కాల్స్ రాకుండా ఫోనును విమానం మోడ్‌లో పెట్టండి. మధ్యలో ఫోను మోగితే గడియారం మీద వేలు ఎక్కడ పడుతుందో చెప్పలేం. పోయిన ఏడాది తమ్ముడు నెల రోజుల సెలవు మీద వచ్చినప్పుడు కోరుట్లలో చాప మీద 15+10 పెట్టుకుని తండ్రీ కూతుళ్లు ఆడారు. అప్పటికి నెట్‌వర్క్‌లో మధ్యలో ఉన్న మూడు కరస్పాండెన్స్ ఆటలను మాత్రం ఇద్దరూ అలాగే ఉంచారు. ఒకే గదిలో కూర్చుని కూడా, రోజుకొక ఎత్తు ఫోనులోనే వేసుకున్నారు. అతను తిరిగి విమానం ఎక్కిన రాత్రి, వంతు అమ్మాయిది.